కట్టె పరీక్ష

మాట మీద నిలబడే మనిషంటే కార్వేటినగరంలో మా మేనమామే. దగ్గు చూసి డాక్టరు వద్దన్న రోజే బీడీలు మానేశాడు. మర్నాడే పొగపైపులు చేయడానికి కూర్చున్నాడు. గింజలు ఒలిచిన మొక్కజొన్న కండెను తొలిచి, వెదురుగొట్టం దూర్చి, పొగాకు దట్టించి పీల్చేవాడు. అది మాడిపోతే చింతచేవతో, చేవ పగిలితే వేపకొమ్మతో మరొకటి చేసేవాడు.

అత్త కసిరితే, "తాగేదెవురు మే? కట్టెను పరీక్ష చేస్తా ఉండా!" అనేవాడు. ఏళ్ల తరబడి పరీక్షించి, కండె పొగంత కమ్మనిది లేదనీ, వేప పొగ మాత్రం గొంతు దిగదనీ తేల్చాడు.

మొన్న ఆ దగ్గుతోనే పోయాడు. కాష్టానికి కట్టెలు ట్రాక్టరులోకి ఎత్తుతుంటే అత్త ఏడుపు ఆపి అడ్డం వచ్చింది.

"ఆ వేపమొద్దులు దించేయండప్పా. ఆయనకు ఆ పొగ పడదు."