నా మీద నేనే రాసిచ్చిన కేసు

వేగంగా బండి నడిపి పోలీసులకు దొరికినవాళ్లు బోలెడుమంది. చేసిన నేరాన్ని గళ్లు గీసి, సెకన్లతో సహా రాసి, కింద సంతకం పెట్టి మరీ అప్పగించినవాణ్ణి మాత్రం నేనొక్కణ్ణే అయ్యుంటాను.

అప్పుడు నాకు ఇరవై రెండేళ్లు. మెకానికల్ డిప్లొమా పూర్తిచేసి ఆటోనగర్‌లో ఒక వర్క్‌షాపులో చేరాను. మా అక్క భర్త అప్పన్న బావ పొద్దున్నే హార్బర్‌లో చేపలు కొని, బైకు వెనక టబ్బు కట్టుకుని ఆనందపురం దాకా అమ్మేవాడు. ఆ బండి ఆగితే వాళ్లింట్లో పొయ్యి ఆగినట్టే. దాని ఇంజను నేనే విప్పి బాగుచేశాను.

"ట్రయల్ సూసి తెచ్చేత్తాను బావా."

"పదిలం! బండికేటైనా అయితే మీ అక్క ముందు నిన్నే ఏపుతాది."

ఆనందపురం రోడ్డు మీద, కిలోమీటరు రాళ్ల మధ్య, స్టాప్‌వాచీతో నా పరీక్ష మొదలైంది. నోటుబుక్కులో గళ్లు: పరుగు నంబరు, గాలి దిశ, సెకన్లు, వేగం. ఆరో పరుగు ముప్పై ఆరు సెకన్లు. అంటే గంటకు సరిగ్గా వంద! రాయి పక్కన ఆగి, పెళ్లి ముహూర్తం రాసినంత శ్రద్ధగా రాసుకుంటుంటే జీపు వచ్చి ఆగింది.

"ఏటి బాబూ, డెబ్బై దాటినట్టున్నావ్? ఫైను కట్టి నెమ్మదిగా ఎల్లు," అన్నారు ఎస్సై గారు.

మీరైతే దండం పెట్టి వెళ్లిపోయేవారు. నాకేమో చదువు పొడుచుకొచ్చింది.

"డెబ్బై కాదు సార్, తప్పు. వంద. ఇదిగోండి లెక్క."

ఆయన పేజీలు తిప్పారు. "ఈ సంతకాలూ నీయేనా?"

"ప్రతి పేజీకీ ఉంటాయి సార్."

"మా స్టేషన్ రైటర్ పని కూడా సేసీసినావు గదయ్యా! మరి బ్రేకు కొడితే ఎంత దూరంలో ఆగుతాదో, ఆ గడేదీ?"

అక్కడే లెక్కగట్టాను. దాదాపు వంద మీటర్లు.

ఆయన వేలు చూపించారు. యాభై మీటర్ల దూరంలో గడ్డిమోపు నెత్తిన పెట్టుకుని ఒక ముసలమ్మ రోడ్డు దాటుతోంది.

"ఆయమ్మ రెండు నిమిషాలు ముందు దాటుంటేనో?"

నోటుబుక్కులో కొత్త గడి గీసి, పైన 'బ్రేకు' అని రాశాను.

ఫైనుతో పోయేది కేసైంది, బండి స్టేషనుకెళ్లింది. కోర్టులో నా నోటుబుక్కే ముఖ్య సాక్షి. జరిమానా పడింది, మూణ్ణెల్లు లైసెన్సు పోయింది. బండి విడుదలయ్యేదాకా నాలుగు రోజులు బావ సైకిలు మీద చేపలు మోశాడు. ఐదో రోజు బండి స్టార్ట్ చేసి నన్ను పిలిచాడు.

"టబ్బు తాడు ఇప్పీసినాను బామ్మర్దీ. మూణ్ణెల్లు నువ్వే నా తాడు. ఎక్కి టబ్బు పట్టుకో."

ఒళ్లో టబ్బు, ప్యాంటు మీద చేపల నీళ్లు, అదే రోడ్డు. పాడు అలవాటు, రాళ్ల మధ్య వాచీ చూశాను. రెండు నిమిషాలు.

"ఎంతెల్తన్నాం బామ్మర్దీ?"

"ముప్పై."

"అమ్మో!" అని బావ ఇంకాస్త తగ్గించాడు.

కాబట్టి ఈ రోడ్డు మీది రాళ్లన్నిటి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: జనం తిరిగే దారిలో ఇక వేగపరీక్ష చేయను, బ్రేకు గడి లేని పట్టిక గీయను. కింద తేదీ కూడా వేస్తాను. సంతకం మాత్రం అడక్కండి.