నాలుగో చుక్క

నీ చున్నీ మీద నీళ్ళు చిలకరించి ఇస్త్రీపెట్టె ఆనించగానే సుయ్‌మని లేస్తుంది చూడు ఆవిరి, చిన్నీ, ఆ వాసన ముక్కుకి తగిలితే నాకు ఇప్పటికీ పోర్టు గేటు కళ్ళ ముందుకొస్తుంది. సరే, కాగితం తీసుకో. అమ్మమ్మ చెప్పుకుంటూ పోతుంది, నువ్వు అడ్డం రాకుండా రాయి.

అప్పుడు నాకు పదేళ్ళు. డెబ్బైల్లో సంగతి, ఏ ఏడాదో సరిగ్గా గుర్తులేదు. సబ్బవరం దగ్గర పల్లె నుంచి పట్నం వచ్చి పడ్డ చాకలి కుటుంబం మాది. పోర్టుకి కాస్త దూరంలో, గెడ్డ పక్కన, అదే మీరనే వాగు పక్కన, రేకుల ఇల్లు. ఓడ రేవులో ఉన్నన్నాళ్ళూ అందులోవాళ్ళ బట్టలు నాన్న మూటగట్టి తెచ్చేవాడు, అమ్మ ఉతికేది, మళ్ళీ నాన్నే బొగ్గుల పెట్టెతో ఇస్త్రీ చేసి, ప్రతి చొక్కా మడతలోనూ నిటారుగా నిలవడానికి ఓ అట్టముక్క పెట్టి, తీసుకెళ్ళి ఇచ్చేవాడు. వేసవిలో ఉప్పుగాలికి బట్టలు ఓ పట్టాన ఆరేవి కావు. గాలి పోర్టు వైపు నుంచి తిరిగిందంటే, ఓడలకెక్కించే ఇనపరాయి పొడి ఎర్రగా వచ్చి తెల్లబట్టల మీద వాలేది, అప్పుడు మేం తొక్కుడుబిళ్ళ మధ్యలో వదిలేసి తాళ్ళ మీంచి బట్టలు లాగడానికి పరుగెత్తేవాళ్ళం. నాగుల చవితికి అమ్మ దంచిన చిమ్మిలి ముద్ద చేతిలో ఉన్నా సరే పరుగే, తీరా ఆ చేత్తో పట్టుకుంటే నువ్వుల నూనె మరకని వీపు మీద ఒకటి పడేది.

గుర్తులు పెట్టడం నా పని. నల్లజీడి గింజని సూదితో పొడిచి, ఆ నల్లటి రసంతో కాలరు లోపల చుక్కలు పెట్టాలి, మనిషికో లెక్కన. ఎన్ని ఉతుకులకీ అది పోదు. ఒంటికి అంటితే మాత్రం బొబ్బలే. అందుకని మొహం పక్కకి తిప్పుకుని పెట్టేదాన్ని.

ఆ చలికాలం రష్యా ఓడ ఒకటి ఇంజను చెడి నెల్లాళ్ళు ఉండిపోయింది. దాంట్లో వైర్‌లెస్ చూసే మార్టు అనే ఆయన, నలభై ఏళ్ళుంటాయేమో, తన మూట తనే మోసుకొచ్చేవాడు. రష్యాయేనా అంటే తల అడ్డంగా ఊపి, తడివేలితో ఉతుకుబండ మీద సముద్రపొడ్డున ఓ చిన్న దేశం గీసి, "ఎస్తోనియా" అనేవాడు, అది అప్పటికి రష్యా చేతికింద ఉందట. ఎండకి ఆ దేశం ఆరిపోయేది, మళ్ళీ గీసేవాడు. నాన్న తన ఓడ ఇంగ్లీషుతో రాబట్టిందేమిటంటే, ఆయన నవలలు రాస్తాడని. సముద్రం గురించి రాసినవి రెండు అచ్చయ్యాయట, మూడోది మాత్రం సర్కారు వద్దందట. అయినా మానకుండా నోట్‌బుక్కులో రాస్తూనే ఉన్నాడట. టీ తాగినంతసేపూ ఆయన చూపు అమ్మ చేతుల మీదే ఉండేది.

"ఏటయ్యా, ఆ దొర నా సేతులకేసి అలాగ సూత్తాడు? నా ఉతుకు బాగోలేదేటి?"

"బాగుందనే సూత్తన్నాడే."

"నువ్వెప్పుడైనా సూసేవా మరి?" అని అమ్మ బట్టని బండకేసి ఇంకాస్త గట్టిగా బాదింది.

ఒకరోజు ఆయన మూట కూడా నాన్నే తెచ్చాడు, విప్పితే చొక్కాల మధ్య నల్లట్ట నోట్‌బుక్కు ఉంది. వెనకే ఆయనా వచ్చాడు, మొహంలో నెత్తురు చుక్క లేదు. ఓడలో అందరి మీదా కన్నేసి ఉంచే ఆఫీసరు ఒకడున్నాడని, గదులు వెతికిస్తున్నాడని, ఇది దొరికితే ఊరు చేరగానే తనని జైల్లో వేస్తారని చెప్పాడు. వెతకడం అయిపోయాక, ఓడ కదిలే రోజున ఇస్త్రీ బట్టల్లో పెట్టి పంపమని బతిమాలాడు. నాన్న సరేనన్నాడు.

ఆ రోజు నుంచి మా ఇంట్లో భయం కాపురం పెట్టింది. దొరికితే నాన్న గేటు పాసు పోతుంది, పోలీసులొస్తారు. అమ్మ మా వైపు ఆడవాళ్ళలాగే చుట్ట నిప్పు కొస నోట్లో పెట్టుకుని కాల్చేది, ఎవరైనా తలుపు తడితే ఆ నిప్పునే మింగినంత పని చేసేది. నేనైతే కుక్క మొరిగినా వెళ్ళి బియ్యం డబ్బా మీద కూర్చునేదాన్ని, నోట్‌బుక్కు దాని అడుగునే ఉండేది మరి.

ఓడ కదిలే రోజు వచ్చింది. మార్టుకి తెల్ల యూనిఫారం చొక్కా ఒక్కటే, మిగతావన్నీ రంగువి. నాన్న ఆ తెల్లదాని మడతలో అట్టకి బదులు నోట్‌బుక్కు పెట్టాడు. అమ్మ చుక్కలు చూసి మూటలు కట్టింది, మార్టుకి నాలుగు చుక్కలు, మా దగ్గరే ఉతికించుకునే ఆ ఆఫీసరుకి మూడు. నాన్న సైకిలెక్కి వెళ్ళిపోయాక అమ్మ వేళ్ళు మడుచుకుంటూ నిలబడిపోయింది.

"ఆఫీసరు ఆరు తెల్ల సొక్కాలే కదే ఇచ్చేడు. మూటలో ఏడెలాగొచ్చేయి?"

నేను వేలు వెనక్కి దాచుకున్నాను. అంతకు రెండు రోజుల ముందు మార్టు తెల్లచొక్కాకి మూడు చుక్కలు పెట్టేసరికి రసం వేలి మీదికి జారింది. గింజ పారేసి గెడ్డలో చెయ్యి ముంచడానికి పరుగెత్తాను. నాలుగోది మళ్ళీ పెట్టలేదు.

"అమ్మా, ఒకదానికి మూడే ఎట్టేను."

"ఓలమ్మో! మీ నాన్నని సంపేసేవే గుంటా!"

జబ్బ పట్టుకుని పోర్టు గేటుదాకా ఈడ్చుకెళ్ళింది. నాన్న అప్పుడే ఉత్తచేతులతో బయటికొస్తున్నాడు. సంగతి విని సైకిలు గోడకి ఆనించాడు. "పద, నీ సుక్కలు నువ్వే సూపిద్దువు," అన్నాడు. గేటాయన తెలిసినవాడు గనక నన్ను లోపలికి వదిలాడు.

ఓడ మెట్లు ఊగుతున్నాయి, కింద నల్లటి నీళ్ళు. ఆఫీసరు గదిలో మంచం మీద మూట విప్పేసి ఉంది, ఏడో చొక్కా ఆయన చేతిలోనే ఉంది. "మిస్టేక్ సార్," అన్నాడు నాన్న. ఆఫీసరు కాలరు తిప్పి వేలితో చుక్కలు లెక్కపెట్టాడు, పక్కన తన చొక్కా కాలరు పెట్టి చూశాడు. రెండింటికీ మూడే. నాన్న నా భుజం పట్టి ముందుకి జరిపాడు. నేను బొబ్బలెక్కిన వేలు ముందుకి చాపి, "ఫోర్, ఫోర్" అని ఏడ్చేశాను. ఆయన నా వేలు చూశాడు. చొక్కా మీద అరచెయ్యి పెట్టి నొక్కాడు. మిగతా ఆరింటిలోనూ అట్టలున్నాయి కదా, ఇదీ అలాగే తగిలి ఉంటుంది. కాలరు ఓసారి తన మెడకి ఆనించుకున్నాడు, ఇరుకు. చొక్కా నా చేతుల్లో పెట్టాడు.

మార్టు పైన ఓడ అంచున కమ్మీ పట్టుకుని నిలబడి ఉన్నాడు. నాన్న చొక్కా ఇచ్చి, ఇంత భయం పెట్టావు, ఇంతకీ దీంట్లో ఏముందని అడిగాడు. "మా అమ్మ," అన్నాడాయన. చిన్నప్పుడు ఆ సర్కారే తల్లీకొడుకుల్ని రైలెక్కించి మంచుదేశానికి తోలేసిందట. అక్కడ గడ్డకట్టిన నదికి చిల్లు కొట్టి, ఆ నీళ్ళలో ఊరివాళ్ళ బట్టలు ఉతికి ఆవిడ ఈయన్ని పెంచిందట. ఇంటికొచ్చి నాన్న ఇది చెబితే అమ్మ నోట్లో చుట్ట తీసి పక్కన పెట్టింది.

"మరి ఆయమ్మకి సబ్బు ఉండీదా?" అని మాత్రం అడిగింది.

ఆ తర్వాత రష్యా ఓడల మూటలు నాన్న ముట్టుకోలేదు. మార్టు మళ్ళీ రాలేదు. ఇప్పుడా గెడ్డ మీద పలకలు కప్పేసి ఆటోలు నిలుపుతున్నారు. ఓడల్లో ఉతికే మిషన్లు వచ్చేశాయి, నల్లజీడి అంటే మీకు పేరు కూడా తెలియదు. ఆ నోట్‌బుక్కు ఇల్లు చేరిందో, దారిలో పట్టుబడిందో, ఎవరైనా చదివారో నాకు తెలియదు. ఫోన్లో వెతుకుతానంటావు, ఏమని వెతుకుతావు? ఆయన ఇంటిపేరైనా మేం అడగలేదు. అందుకని ఇది మాత్రం ఉన్నదున్నట్టు రాయి: ఒకావిడ మంచుకి చిల్లు కొట్టి, బట్టలు ఉతికి, కొడుకుని పెంచింది. అక్కడ ఆ పుస్తకం లేకపోయినా ఈ ఒక్క మాట ఇక్కడ ఉంటుంది. రాశావా? ఏదీ, పైకి చదువు.