రేవులో చదివిన వేరియబుల్స్

కవిటి పక్క రేవులో గౌతమి గొంతు తెలియనివారు లేరు. తల్లితోపాటు చేపలమ్ముతూ కేకేస్తే ఒడిశా పడవలు కూడా ఇటు తిరిగేవట! ఆ పిల్ల డిగ్రీ చదివి కిడ్నీ సర్వేలో కంప్యూటర్ పనికి కుదిరింది. ఊరివాళ్ళ జవాబుల్ని లెక్కల సాఫ్ట్‌వేర్‌లోకి ఎక్కించాలి. ఒక్కో ప్రశ్నకు ఒక్కో వేరియబుల్. దానికో పొట్టి ఇంగ్లీషు పేరు, పక్కన అర్థం చెప్పే లేబులు. ఇంగ్లీషు లేబుళ్ళు నోరు తిరక్క, గౌతమి వాటిని తన యాసలోకి మార్చేసుకుంది.

మొదటి రక్తపరీక్షలో కొందరికి తేడా కనబడింది. రెండోసారి చూడకపోతే జబ్బు ముదిరాకే తెలుస్తుంది. సరిగ్గా అప్పుడే కులపెద్ద దానయ్య అడ్డంపడ్డాడు. ఆ రేవులో ఏ సంగతైనా పదిమందిలో విని ఒప్పుకుంటేనే జరుగుతుంది.

“అమ్మీ, మా కాడ ఏటేటి రాసుకుంతన్నారో అందరికీ సదువు. నేకపోతే ఒక్కడూ సెయ్యి సాపడు.”

గౌతమి హడావిడిగా వేరియబుల్స్ జాబితాను టెక్స్ట్ ఫైల్‌గా ఎక్స్‌పోర్ట్ చేసి, ఫోన్‌లోకి పంపుకుని, వలల గుట్టెక్కింది. లేబుళ్ళలో తనేం రాసుకుందో ఆ కంగారులో గుర్తులేదు.

“ఎండుసేప నేకపోతే ముద్ద దిగదా?” అని గట్టిగా చదివింది.

జనం పకపకా నవ్వారు.

“ఒల్లునొప్పుల మాత్తర్లు పెల్లానికి తెలీకుండా మింగుతన్నాడా?”

సముద్రం కూడా ఆగిపోయింది. అవి కిడ్నీలకు చేటని సర్వేవాళ్ళు ఇంటింటికీ చెప్పారు మరి! ఆడవాళ్ళ తలలన్నీ మొగుళ్ళ వైపు తిరిగాయి.

దానయ్య భార్య నారాయణమ్మ గంప దించింది. “ఏటయ్యా, నీ జేబులోవి పిప్పరమెంట్లన్నావు?”

“పిప్పరమెంట్లేనే!”

“అయితే నాకోటియ్యి, సప్పరిత్తాను.”

దానయ్య గౌతమి దగ్గరికి జరిగాడు. “అమ్మీ, ఎవుడేటి సెప్పాడో కూడా అందులో ఉందేటి?”

“నేదు మావా. పెశ్నలే వచ్చాయి. జవాబులు రావు.”

“అయితే ఊరు ఒప్పుకున్నట్టే!”

“ఆగండి,” అన్నారు ఆడవాళ్ళు. “ముందు మొగోల్లు. ఆ తరవాతే మేం.”

రక్తమివ్వడానికి మగవాళ్ళ వరస సోంపేట దాకా సాగిందంటారు. అందరికంటే ముందు, భుజం మీది తువ్వాలు కొస నారాయణమ్మ చేతిలో ఉండగా, దానయ్య కూర్చున్నాడు.

“ఆ మాత్తర్ల కాడ నాకేటి రాసినావు?” మెల్లగా అడిగాడు.

“పోయినసారి ‘నేదు’ అన్నావు మావా.”

దానయ్య చొక్కా చెయ్యి పైకి మడిచాడు.

“‘ఔను’ అని మార్సీ.”