రిజిస్టరులో మా ఇద్దరి పేర్లు

ఇది ఎందుకు రాయాలో ముందు చెప్పాలి. సకలేశపురలో ఒక పాత లాడ్జి ఉండేది. దాని రిజిస్టరులో నా పేరూ అతని పేరూ ఒకదాని కింద ఒకటిగా ఉండేవి. మేమిద్దరం పదకొండేళ్ళు ఒకరికొకరుగా బతికామని చెప్పే కాగితం లోకంలో ఇంకొకటి లేదు. రేషన్ కార్డులో లేదు, ఏ పెళ్ళి ఆల్బములోనూ లేదు. ఆ లాడ్జిని పడగొట్టేశారు. రిజిస్టర్లు పాత కాగితాలు కొనే గుజరీవాడి బండెక్కి పోయాయి. చివరి పేజీలో అతను ఏం రాశాడో చదివి, అదేమిటో అర్థం తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే మిగిలాను. అందుకని రాస్తున్నాను.

మాది నాలుగు తరాలుగా బెంగళూరులో ఉంటున్న తెలుగిల్లు. తాత మగ్గం నేశాడు, నాన్న మరమగ్గాల షెడ్డులో పనిచేశాడు, నేను బొమ్మనహళ్ళిలో ఒక గార్మెంట్ యూనిట్‌లో కటింగ్ మాస్టర్ని. తొమ్మిదో తరగతితో బడి ఆగింది. ఆ తరువాతి చదువంతా గ్రంథాలయంలోనే. మా గ్రంథాలయంలో తెలుగుకు రెండు అలమరలు ఉన్నాయి. రెండూ పూర్తిచేశాను. తరువాత కన్నడం, ఆ తరువాత నిఘంటువు పక్కన పెట్టుకుని ఇంగ్లీషు. పిల్లల పుస్తకాలతో మొదలుపెట్టి చట్టం పుస్తకాల దాకా వెళ్ళాను. ఈ మాట చెప్పేటప్పుడు ఇప్పటికీ నా వెన్ను కొంచెం నిటారుగా అవుతుంది. ఆ గర్వం వల్ల ఏం జరిగిందో కూడా చెబుతాను.

అతన్ని చూసింది అక్కడే, ఒక ఆదివారం. తెలుగు పేపరు నడి పేజీలు అతని చేతిలో ఉన్నాయి.

"ఆ నడి పేజీ మీ దగ్గరే ఉండాదా?" అని అడిగాను.

అతను తలెత్తి నవ్వాడు. "ఉండాదా? అదేం తెలుగండీ బాబూ!"

"మా తాతల తెలుగప్పా. మీ కంపెనీలు రాకముందు నుంచీ ఉండేది మేము."

అతనిది ఒంగోలు పక్క. ఎలక్ట్రానిక్ సిటీలో ఒక కంపెనీలో కంప్యూటర్లు చెడిపోతే ఫోను ఎత్తే ఉద్యోగం. నాకన్నా తొమ్మిదేళ్ళు చిన్న. నా పని తెలిసిన రోజు నుంచీ "మాస్టారూ" అనేవాడు. అందులో ఎగతాళి ఎంతో, గౌరవం ఎంతో చివరిదాకా తేల్చుకోలేకపోయాను.

ఒకరికొకరం ఏమిటో తెలియడానికి మాకు ఏడాది పట్టింది. తెలిశాక, ఎక్కడ కలవాలన్నది సమస్య. మా ఇంట్లో మూడు గదుల్లో అమ్మ, అన్నావదినలు, వాళ్ళ పిల్లలు, నేను. అతనిది మడివాళలో నాలుగు మంచాల పీజీ గది. బెంగళూరు లాడ్జీలు బెంగళూరు అడ్రసున్న మనిషికి గది ఇవ్వవు. ఇల్లున్నవాడికి లాడ్జి ఎందుకని వాళ్ళ అనుమానం.

దారి పుస్తకంలోనే దొరికింది. గ్రంథాలయంలో యాత్రల అలమర అడుగున విదేశీయుల కోసం రాసిన గైడు ఒకటి ఉండేది. అట్ట లేదు. మనలాంటి వేడి దేశాల్లో మాలాంటివాళ్ళు ఎలా తిరగాలో అందులో ఒక పేజీ ఉంది. నిఘంటువు చూసుకుంటూ అతనికి మెల్లగా వివరించాను. ఈ దేశంలో ఇద్దరు మగవాళ్ళు ఒకే గది అడిగితే ఎవరూ ఏమీ అనుకోరట. చేతులు పట్టుకుని వీధిలో నడిచినా స్నేహమనే అనుకుంటారట. ఆడా మగా వస్తేనే పెళ్ళి కాగితం అడుగుతారట.

అతను బల్ల మీద తలవాల్చి నవ్వాడు. "అంటే మనకి పర్మిషన్ ఉన్నట్టేగా మాస్టారూ! ఫారినోళ్ళకి తెలిసింది మనకి తెలీలేదు, సిగ్గుచేటు."

అప్పటి నుంచీ రెండు నెలలకొకసారి, శనివారం పొద్దున బస్సెక్కేవాళ్ళం. మైసూరు, చిక్కమగళూరు, కార్వార. మా దేశంలో మేమే విదేశీ యాత్రికుల్లాగా తిరిగాము. చివరికి సకలేశపుర దగ్గర ఆగిపోయాము. అక్కడి లాడ్జి మేనేజరుకు గుచ్చి గుచ్చి ప్రశ్నలు వేసే అలవాటు లేదు. తుళు మనిషి, మాతో కన్నడంలో మాట్లాడేవాడు. కిటికీ తీస్తే కాఫీ గింజలు ఆరబెట్టిన మైదానం కనిపించేది. అతను మంచం మీద బోర్లా పడుకుని, నేను ఏదో ఒక పుస్తకం పైకి చదువుతూ ఉంటే నిద్రపోయేవాడు. మా యాత్రల్లో విశేషం అంతే. ఏ కోటా చూడలేదు, ఏ జలపాతం దగ్గరా దిగలేదు.

రిజిస్టరు ఎప్పుడూ అతనే రాసేవాడు. పేరు, వయసు, శాశ్వత చిరునామా, సంబంధం. నేను వెనక నిలబడి గోడ మీది క్యాలెండరు చదివేవాణ్ణి. అలమరలు అలమరలు చదివిన నాకు ఆ నాలుగు గడులు నింపే ధైర్యం లేదు. సంబంధం దగ్గర అతను "తమ్ముడు" అని గుండ్రటి అక్షరాలతో రాసేవాడు.

మొదటిసారి మేనేజరు మా ముఖాలు మార్చి మార్చి చూసి, "అన్నదమ్ములంటారు, ఒకరి పోలిక ఒకరికి లేదే?" అన్నాడు.

"అమ్మలు వేరు సార్," అన్నాడు అతను తడుముకోకుండా.

మెట్ల మీద అతని చొక్కా పట్టుకున్నాను. "మా నాయన్ని ఎందుకు ఇరికించినావప్పా దీంట్లో?"

"పెద్దాయన పైనుంచి బ్లెస్ చేస్తాడులే, పదండి."

ఫోటోలు వద్దనుకున్నాము. అతని ఫోను సెలవులకు ఇంటికి వెళ్ళినప్పుడు అక్క పిల్లల చేతుల్లో ఉంటుంది. నా ఫోను అన్న కొడుకు ఆటలకు. పదకొండేళ్ళలో ఇద్దరం ఉన్న బొమ్మ ఒక్కటి లేదు.

అతనికి ఒకటే కోరిక. ఒక ఇల్లు చూసుకుని ఇద్దరం ఉండాలని. "పెద్దది వద్దు మాస్టారూ, ఒక గది, కిచెన్. డెలివరీ వాడికి ఒకటే అడ్రస్ చెప్పాలి, అంతే." నేను ప్రతిసారీ ఒకే జవాబు చెప్పాను. మా అమ్మ ఉన్నంతవరకు ఆగప్పా. మాలాంటివాళ్ళు ఇక నేరస్థులు కారని, చట్టం మారిందని పేపర్లో వచ్చిన రోజు అతను మైసూరుపాకు పొట్లంతో గ్రంథాలయానికి వచ్చాడు. "ఇప్పుడేమంటారు?" అన్నాడు. "చట్టం మా వీధి దాకా నడిచి వచ్చేదానికి ఇంకా టైమ్ పడుతాది," అన్నాను. అతను పొట్లం వాచ్‌మన్ చేతిలో పెట్టి వెళ్ళిపోయాడు. ఆ నెల నాతో మాట్లాడలేదు.

మా ఇంటికి ఒక్కసారి వచ్చాడు, నాకు జ్వరమని తెలిసి. అమ్మ కాఫీ ఇచ్చింది. నేను మంచం మీది నుంచి అతన్ని కూర్చోమనలేదు. వదిన చూస్తోంది. అతను గడప దగ్గరే నిలబడి తాగి, గ్లాసు కిటికీలో పెట్టి, "వస్తానండీ" అని వెళ్ళాడు.

చివరిసారి సకలేశపుర వెళ్ళినప్పుడు రిజిస్టరు దగ్గర మామూలుకన్నా ఎక్కువసేపు వంగి ఉన్నాడు. "ఏం రాసినావప్పా అంతసేపు?" అంటే, "పెన్ను రాయట్లేదు మాస్టారూ," అన్నాడు.

ఆ తరువాతి నెలలో అతనికి జ్వరం. రక్తంలో ప్లేట్‌లెట్లు పడిపోయాయన్నారు. పీజీ నుంచి ఆటోలో తీసుకెళ్ళి ఒక ఆసుపత్రిలో చేర్చింది నేనే. అతను స్ట్రెచరు మీద ఉన్నాడు. ఫారం నా చేతికి ఇచ్చారు. జీవితంలో మొదటిసారి ఆ గడి నేను నింపాలి: రోగికి మీరేమవుతారు?

ఆసుపత్రి కాగితాల మీద అబద్ధం రాస్తే ఏమవుతుందో నేను చట్టం పుస్తకంలో చదివి ఉన్నాను. పోలీసులు, సంతకాలు, రేపు వాళ్ళ ఇంటివాళ్ళు వచ్చి ఎవరీ అన్న అని అడగడం, అన్నీ ఒక్కసారి బుర్రలో తిరిగాయి. చదువుకున్నవాడు చేయవలసినట్టే చేశాననుకున్నాను. "స్నేహితుడు" అని రాశాను.

ఐసీయూలోకి బంధువులనే పంపుతారు.

రెండు రోజులు అతను తెలివిలో ఉన్నాడు. నేను తలుపు బయట బెంచీ మీద ఉన్నాను. రెండో రోజు మధ్యాహ్నం ఒక మలయాళీ నర్సు బయటికి వచ్చి, "మాస్టర్ ఎవరు ఇక్కడ? పేషెంట్ అడుగుతున్నారు," అంది.

లేచాను. "నేనే తల్లీ. ఒక్క నిమిషం లోపలికి..."

ఆమె ఫైలు చూసింది. "మీరు ఫ్రెండ్ అని రాశారు కదా సార్. బ్రదర్ అని రాసుంటే నేనే తీసుకెళ్ళేదాన్ని. ఎవరు అడుగుతారు?"

ఎవరు అడుగుతారు. పదకొండేళ్ళు ఎవరూ రుజువు అడగలేదు.

"ఇప్పుడు మార్చుకోవచ్చా?"

"కంప్యూటర్లో పోయింది సార్. ఏం చెప్పమంటారు, చెప్తాను."

"బయటే ఉన్నానని చెప్పు తల్లీ. ఎక్కడికీ పోలేదని."

కాసేపటికి వచ్చింది. "చెప్పాను. నవ్వారు."

వాళ్ళ అన్న ఊరి నుంచి వచ్చేసరికి అతనికి స్పృహ లేదు. నాలుగో రోజు పొద్దున పోయాడు. అన్న మంచివాడు, మర్యాదస్తుడు. నా రెండు చేతులూ పట్టుకుని, "చాలా చేశారండీ మావాడికి. వాడి సామాన్లలో మీవేమైనా ఉంటే తీసుకోండి," అన్నాడు. నా కార్డు మీద తెచ్చిన గ్రంథాలయం పుస్తకాలు రెండు ఉన్నాయి. తీసుకున్నాను. అంబులెన్స్ హోసూరు రోడ్డు దాటేవరకు నిలబడి, ఆ పుస్తకాలు తిరిగి ఇచ్చేశాను. ఒకదానిలో గుర్తుగా అతను మడిచిన పేజీ ఉంది. దాన్ని అలాగే ఇచ్చాను.

మూడు నెలల తరువాత ఒక శనివారం పొద్దున ఎప్పటి బస్సే ఎక్కాను. అతని చేతి రాత చూడాలి. మా ఇద్దరి పేర్లు ఒక్కచోట చూడాలి. ఆ రిజిస్టరు తప్ప నాకు ఎక్కడా అవి దొరకవు.

మేనేజరు నన్ను చూసి నవ్వి, నా వెనకకు చూశాడు. "తమ్ముడేడి?"

చెప్పాను. ఆయన కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు. పాత పేజీ ఒకటి చూడాలని అడిగితే, "పోలీసులకు తప్ప చూపించకూడదు," అంటూనే రిజిస్టరు నా వైపు తిప్పి, టీ చెప్పి వస్తానని బయటికి వెళ్ళాడు.

పేజీ దొరికింది. పైన నా పేరు, కింద అతని పేరు. సంబంధం దగ్గర ఎప్పటిలాగే "తమ్ముడు". నేనేం ఆశించి వచ్చానో నాకే తెలియదు. ఇంకేదో మాట ఉంటుందనుకున్నానేమో.

తరువాత చిరునామా చూశాను. వెనక పేజీల్లో ప్రతిసారీ అతని పేరు ఎదురుగా ఒంగోలు పక్క వాళ్ళ ఊరు, మండలం, పిన్ కోడు. ఈసారి నా పేరు ఎదురుగా మా ఇంటి నంబరు, మా వీధి. దాని కింద, అతని పేరు ఎదురుగా, పైదే ఇదీ అన్నట్టు రెండు చిన్న గీతలు. అంతే.

మేనేజరు టీ తెచ్చి నా భుజం మీదుగా చూశాడు. "అవును, ఆ రోజు అడిగాను. నీది ఆంధ్రా కదయ్యా, ఇదేం అడ్రసు అని. 'మారాను సార్' అన్నాడు."

ఫోటో తీసుకొమ్మని ఆయనే అన్నాడు. ఫోను తీసి మళ్ళీ జేబులో పెట్టుకున్నాను. మళ్ళీ వచ్చినప్పుడు నిదానంగా తీసుకుంటానన్నాను. ఎప్పుడూ నేను చెప్పే మాటే అది. మళ్ళీ వెళ్ళేసరికి లాడ్జి చుట్టూ రేకులు కట్టి ఉన్నాయి, లోపల జేసీబీ తిరుగుతోంది. మేనేజరుకు ఫోను చేస్తే రిజిస్టర్ల సంగతి చెప్పలేక చెప్పాడు.

సాయం చేసినవాళ్ళకు పేరుపేరునా దణ్ణం పెట్టుకోవాలి. పేర్లు మాత్రం రాయను. మేనేజరును అడిగితే, "నా పేరెందుకు, లాడ్జి పేరూ వద్దు, కాఫీ గింజల సంగతి రాయి చాలు," అన్నాడు. రాశాను. ఆ నర్సమ్మకు, తలుపు లోపలికి నా మాట మోసుకెళ్ళినందుకు. గ్రంథాలయం వాచ్‌మన్‌కు, ఆదివారాలు నా పక్క కుర్చీలో ఎవరినీ కూర్చోనివ్వనందుకు. అతని అన్నకు, నా చేతులు పట్టుకున్నందుకు.

చివరగా మా అమ్మకు. మొన్న చిక్కుడుకాయలు ఒలుస్తూ, తల ఎత్తకుండా అడిగింది. "ఆ పొద్దు నిలబడే కాఫీ తాగిపోయినాడే, ఆ అబ్బాయి మళ్ళా రాలేదేమప్పా?"

"లేడమ్మా. పోయినాడు."

ఆమె చేతిలోని కాయను చేటలో పెట్టేసింది.

"అయ్యో. కూచోమనుంటే బాగుండు," అంది.