మా తాత కట్టిన క్రిస్మస్ తాత వేషం

మొన్న డిసెంబరులో మనవరాలు పట్టుబట్టడంతో విశాఖలో వాళ్లు వెళ్లే చర్చికి నేనూ వెళ్లాను. ఆరాధన సగంలో ఉండగానే అద్దెకు తెచ్చిన క్రిస్మస్ తాత ఒకడు చిందులేసుకుంటూ లోపలికి వచ్చాడు, పాస్టరుగారు కూడా ఎర్రటోపీ పెట్టుకుని చప్పట్లు కొట్టారు, పిల్లలు ఫోటోల కోసం ఎగబడ్డారు. అందరూ నవ్వుతుంటే నాకు మాత్రం నవ్వు రాలేదు. ముసలిదాని చాదస్తం అనుకుంటారేమో, చాదస్తం కాదండీ, కోపం.

అరవైల చివర మేము గజపతినగరానికి అవతల ఒక పల్లెలో ఉండేవాళ్లం. నాన్న మిషను బడిలో హెడ్మాస్టరు, మా బాప్టిస్టు సంఘపెద్దల్లో ఒకరు. అమ్మ సండేస్కూలు చూసేది. అమ్మను కన్న తాత మా దగ్గరే ఉండేవాడు. ఆయన పుట్టుకతో పగటివేషగాడు. ఊరూరా తిరిగి, ఇంటింటి ముందూ వేషం చూపించి, ఇల్లాలు చేటతో తెచ్చిన బియ్యం జోలెలో పట్టుకుని, అమ్మవారి పేరున ఆ ఇంటిని దీవించి వెళ్లడమే వాళ్ల బతుకుతెరువు. ఏటిలో బాప్తిస్మం తీసుకున్ననాడు ఇక వేషాల జోలికి పోనని మాటిచ్చి, కూలి పనులు చేసుకుంటూ ముసలివాడైపోయాడు. ప్రభువు జ్ఞాపకంగా సంఘమంతా రొట్టె పంచుకునే ప్రభువు బల్ల ఆదివారం మాత్రం ఆయన్ను చూడాలి! ఆ చిన్న రొట్టెముక్కను రెండు అరచేతుల్లో పట్టుకుని, కళ్లు మూసుకుని, ఎవరు పిలిచినా పలికేవాడు కాదు. లోకంలో ఆయనకు ఉన్న ఆస్తల్లా అదే.

ఏటేటా మిషను ఆసుపత్రి డాక్టరుదొరగారు వచ్చి మా పిల్లలకు క్రిస్మస్ తాతగా మిఠాయిలు పంచేవారు. ఆయన స్వదేశం వెళ్లిపోతూ ఎర్రకోటూ టోపీ మా చర్చికి వదిలేశారు. వాటిని బయటికి తీయాలా వద్దా అన్నదాని మీద మా ఇంట్లో పెద్ద రగడ. ప్రభువు పుట్టిన దినాన గడ్డం ముసలాడి కోసం గుమ్మం వైపు చూసే పిల్లలకు పశువులతొట్టి ఏం కనిపిస్తుందని నాన్న, దొరగారు తొడిగితే లేని పాపం మనవాళ్లు తొడిగితే ఎక్కణ్నుంచి వచ్చిందని అమ్మ. చివరికి వాక్యమూ ప్రార్థనా అయ్యాకే క్రిస్మస్ తాత రావాలన్న షరతు మీద నాన్న సరేనన్నారు. తొడగడానికి ఎవరూ ముందుకు రాకపోతే, అమ్మ తన తండ్రినే బతిమాలింది. రంగు పూయక్కర్లేదు నాన్నా, దూది గడ్డమే కదా అంది. కూతురి మాట కాదనలేక ఆయన కోటు అందుకున్నాడు.

ఓర్నాయనో, ఏమి వేషం అది! ఆ నడకా, ఆ పొట్ట కుదుపూ చూసి పిల్లలం పడీపడీ నవ్వాము. ఆ సంబరంలోనే ఆయన వెనక ఊరేగుతూ రైతుల వీధిలోకి వెళ్లిపోయాము. అక్కడ అరుగు మీదున్న ఒక ముసలావిడ ఆ నడక పట్టేసి, "ఓలమ్మా, మన పగటేసగాడు గదే!" అని కేకేసి, లోపలికి పరుగెత్తి చేటతో బియ్యం తెచ్చింది. మా తాత మిఠాయిల సంచీ మూతి విప్పి ముందుకు పట్టాడు. బియ్యం పడుతుండగా, ఎన్నాళ్లుగానో లోపల దాగిన గొంతు ఒక్కసారి పైకి లేచింది. "పైడితల్లి సల్లగా సూడాల తల్లీ, నీ లోగిలి పాడిపంటల్తోటి నిండాల!"

మేము ఇంకా నవ్వుతూనే ఉన్నాము. ఆయన మాత్రం సంచీ పట్టుకుని అక్కడే నిలబడిపోయాడు.

సంఘపెద్దలు విచారణకు కూర్చున్నారు. తాతను ప్రభువు బల్లకు రాకుండా నిలిపేశారు. సంఘం ముందు నిలబడి తప్పు ఒప్పుకుంటేనే మళ్లీ రొట్టె అన్నారు. నాన్న అక్కడే ఉండి ఒక్క మాటా ఆడలేదట. అమ్మ ఆ పూట నుంచి నాన్నకు అన్నం వడ్డించేది గానీ ముఖం ఎత్తి చూసేది కాదు. అమ్మవారి పేరు పలకడం తప్పని ఒప్పుకోవడానికి తాత సిద్ధమే. కానీ వేషం కట్టడమే పాపమని చెప్పాలని వాళ్ల పట్టు. ఆయన అడిగింది ఒక్కటే: "నోరు జారినాను బాబూ, తప్పే. పిల్లలు నవ్వినారు గదా, ఆ నవ్వు కూడా పాపమని నానెలగ సెప్పీది?"

ఆ తరవాత బల్ల ఆదివారాల్లో ఆయన వెనక వరసలో, నా పక్కన కూర్చునేవాడు. రొట్టె పళ్లెం మా ఇద్దరినీ దాటి వెళ్లిపోయేది. బాప్తిస్మం కాని పిల్లను కాబట్టి నాకు లేదు, ఆయనకు బాప్తిస్మం ఉండీ లేదు. పళ్లెం దగ్గరికొచ్చేసరికి ఒళ్లో ఉన్న ఆయన చేతులు వాటంతట అవే విచ్చుకునేవి. అది చూడలేక నేను తల తిప్పుకునేదాన్ని.

వానాకాలంలో మంచం పట్టాడు. పాస్టరుగారు, మంచి మనిషే పాపం, రొట్టె మీద తెల్లగుడ్డ కప్పి ఇంటికి తెచ్చారు. వేషం కట్టడం తప్పయిందని ఒక్క మాటంటే చాలన్నారు. మా నాన్న, గట్టిగా మాట్లాడితే పరువు పోతుందనుకునే మా నాన్న, మంచం పక్కన మోకాళ్ల మీద కూలబడి "మావా, నీ కాళ్లు పట్టుకుంటాను, అనీసెయ్ మావా" అని ఏడ్చారు. తాత ఆయన తల నిమిరాడు. ఆ రొట్టె వంక చూశాడు. అడ్డంగా తలూపాడు. పాస్టరుగారు మళ్లీ గుడ్డ కప్పుకుని వెళ్లిపోయారు. ఆ వారం దాటలేదు తాత. నాన్న సంఘంలో పెద్దరికం వదిలేశారు. అమ్మ మాత్రం ఆ తరవాత ఏ క్రిస్మసుకూ నవ్వగా నేను చూడలేదు.

ఇప్పటివాళ్లది తప్పని నేననను. ఎవరి ముందునుంచీ పక్కకు పోని పళ్లెమే మంచిది. ఆ మంచి కాస్త ముందు వచ్చుంటే ఎవరి సొమ్ము పోయేదని నా బాధ. మన ఈడువాళ్లకే తెలుసు, ఆ రోజుల్లో భక్తి ఎంత గట్టిదో, ఎంత కఠినమైనదో. ఇప్పుడు నెలనెలా నా చేతిలో రొట్టె పెడతారు, నువ్వెవరు, ఏం చేశావని ఎవరూ అడగరు. తీసుకుంటాను. మింగుడుపడటానికే చాలాసేపు పడుతుంది.