కుళ్ళాయమ్మ దిండ్లకు ఆనుకోరాదు

ధర్మవరంలో కుళ్ళాయమ్మ ఇంటికి ఎవరైనా రావచ్చు, కూర్చోవచ్చు, మజ్జిగ తాగవచ్చు. ఆమె కుట్టిన దిండుకు మాత్రం ఆనుకోకూడదు.

అవి మామూలు దిండ్లు కావు. మగ్గాల దగ్గర మిగిలిన పట్టు ముక్కలు ఏరి తెచ్చి, ఎర్రదానికి పచ్చంచు వేసి, నడుమ జరీ నెమలిని కుట్టి, లోపల బూరుగు దూది కూరేది. నడవలో బల్ల మీద తొమ్మిది దిండ్లు పేరంటానికి వచ్చిన ముత్తైదువల్లా వరసగా కూర్చునేవి. వచ్చినవాళ్ళకు బల్ల అంచున జానెడు చోటు మిగిలేది.

"ఆనుకోవాకు!" ఈ కేక వీధి చివరిదాకా వినబడేది.

ఒకసారి పెనుకొండ నుంచి రెవెన్యూ ఇనస్పెక్టరు వచ్చి, అలవాటుగా వెనక్కి వాలాడు. "ఏమప్పా, సర్కారు వీపయితే మాత్రం? ముందుకు జరుగు!" అంది కుళ్ళాయమ్మ. పాపం, పోయేదాకా బడిపిల్లవాడిలా చేతులు కట్టుకుని కూర్చున్నాడు. హిందూపురం నుంచి వచ్చిన మేనల్లుడు రామచంద్ర నూనె తల నెమలి మీద ఆనించాడు. ఆ రోజు తిన్న చివాట్లకు, తిరుగు రైల్లో కూడా వీపు వాల్చలేదట.

"పెండ్లయి ముప్పై ఏండ్లాయె. ఆ దిండు మెత్తగుంటాదో గట్టిగుంటాదో నాకు ఇంగా తెలీదు" అనేవాడు ఆమె మొగుడు చెన్నకేశవులు.

పక్కింటి పిల్ల కదిరమ్మ ఇవన్నీ చూస్తూ ఉండేది. అయిదో తరగతితో బడి మానిపించి, నాయన మగ్గానికి దారం కండెలు చుట్టే పనిలో కూర్చోబెట్టారు. నోరు విప్పేది తక్కువ, కళ్ళు మాత్రం ఊరుకునేవి కావు. కుళ్ళాయమ్మ అరిచేటప్పుడు దిండు వైపు కాక మనిషి నడుము వైపు చూస్తుందని కనిపెట్టింది. కుట్టిన దిండ్లన్నీ బల్ల మీదికి చేరవని కూడా కనిపెట్టింది. ఎందుకో మాత్రం అంతుబట్టలేదు.

పందొమ్మిది వందల యాభై తొమ్మిదిలో కదిరమ్మ నాయన నారాయణస్వామికి నడుము పట్టేసింది. మగ్గం గుంతలో కాళ్ళు పెట్టి గంటసేపు కూర్చోలేడు. మగ్గం ఆగితే పొయ్యి ఆగుతుంది. అందుకే ఎవరడిగినా "బాగుండా" అనేవాడు. ఒకనాడు కూతురితో కలిసి పట్టు ముక్కలు ఇవ్వడానికి పోయి, బల్ల మీద కూర్చుని వాలిపోయాడు.

"ఆనుకోవాకు నారాయణన్నా!"

నిటారయ్యాడు. మళ్ళీ వాలాడు. మూడు కేకలు, మూడు వాలుళ్ళు. నాలుగోసారి కుళ్ళాయమ్మ అరవలేదు. ఊరికే చూసింది.

నాలుగో రోజు నారాయణస్వామి ఇంటి గడప మీద ఒక దిండు ఉంది. కింద నడుము గుంటకు సరిపోయేలా లావు, పైన పలచన. జరీ వీపుకు గుచ్చుకోకుండా నెమలి ఓ మూలకు జరిగి నిలబడింది.

కదిరమ్మ దాన్ని మగ్గం గుంత వెనక గోడకు ఆనించింది. నారాయణస్వామి దిండుకు జానెడు ముందు బిగుసుకుని కూర్చుని నేయడం మొదలుపెట్టాడు.

"ఆనుకో నాయనా."

"అమ్మో! ఆయమ్మ చూస్తే?"

ఆయమ్మ వాకిట్లోనే ఉంది. "ఏమప్పా, ఆనుకోవేం? చూసేదానికా కుట్టింది?"

"నువ్వే కదక్కా వద్దనేది!"

"వద్దంటే ఆగినోళ్ళకు నొప్పి లేనట్టు. అంత అరిచినా ఆనుకున్నావంటే నడుం ఎంత నొస్తాండాదో! అడిగితే చెప్పే మగోడు ఈ వీధిలో యాడుండాడు?"

నారాయణస్వామి మెల్లగా వాలాడు. కళ్ళు మూసుకున్నాడు. కాసేపటికి మగ్గం చప్పుడు మొదలైంది, ఇక ఆగలేదు.

కుళ్ళాయమ్మ గడప దాటుతూ ఒక్క క్షణం నడుము మీద చెయ్యి వేసుకుంది. కదిరమ్మ తప్ప ఎవరూ చూడలేదు.

మరునాడు కదిరమ్మ సూదీ దారం పట్టుకుని పోయి, కుళ్ళాయమ్మ వీపును జానలతో కొలవడం మొదలుపెట్టింది.

"నాకెందుకే దిండు? నేనెప్పుడన్నా ఆనుకుంటినా?"

"ఆనుకోవాకులే అత్తా" అంది కదిరమ్మ. "ఊరికే వీపు ఎనక పెట్టుకో."