కాలి అని రాసిన టేపు

మామ పోయిన తర్వాత కొన్నాళ్లకు విరుదునగర్ స్టూడియో ఆయన ఫోన్ చేశాడు. స్టూడియో మూసేస్తున్నాడట, మామ టేపులుంటే వచ్చి తీసుకెళ్లమన్నాడు.

మామ అంటే అమ్మ తమ్ముడు. మాది తమిళనాడు. కోవిల్‌పట్టిలో అగ్గిపెట్టెల లోడు లారీ నడిపేవాడు. అంతకుముందు ఎలక్ట్రిక్ గిటారు వాయిస్తూ, మేం ఇంట్లో మాట్లాడుకునే తెలుగులో రాక్ పాటలు పాడేవాడు. వాటిని విరుదునగర్‌లో రికార్డు చేశాడు. విడుదల చేస్తానన్న క్యాసెట్ల కంపెనీ మనిషి మొత్తం విని, "ఇది ఆంధ్రావాళ్లకు అరవం, అరవవాళ్లకు తెలుగు" అని పక్కన పెట్టేశాడు. మామ గిటారును గోడకు తగిలించాడు. ఆ మాట మళ్లీ ఎత్తలేదు.

మామ పోయినప్పుడు నాకు ఏడుపు రాలేదు. చేయాల్సిన పనులు మాత్రం వరసగా గుర్తొచ్చాయి. చదివింది ఎలక్ట్రానిక్స్; ఆ పాటలు నేనే నెట్‌లో విడుదల చేద్దామనుకున్నాను. ల్యాప్‌టాప్, కేబుళ్లు, టేపు హెడ్ తుడవడానికి స్పిరిట్, దూది సర్దుకున్నాను.

గడప దాటుతుంటే అమ్మ అంది: "ఏది లేకున్నా పోనీరా. గాలి పాట తే. అది లేకుంటే ఒక్కటీ బయట ఇడవొద్దు."

కళ్ళంలో సజ్జలు తూర్పారబట్టేటప్పుడు గాలి ఆగిపోతే మా అవ్వ రాగం తీసి దాన్ని పిలిచేది. ఆ పిలుపును మామ గిటారు మీద పాటగా కట్టాడు. అవ్వ ఇప్పుడు లేదు. అమ్మకు ఆ రాగం సగమే గుర్తుంది.

స్టూడియోలో ఉన్న పాత మెషీన్ మీదే టేపులు ఒక్కొక్కటే ఆడించి ల్యాప్‌టాప్‌లోకి ఎక్కించాను. టేపుకొక పాట. ప్రతి పెట్టె మీదా తమిళ అక్షరాల్లో మామ చేతిరాత. గాలి పాట లేదు. చివరి పెట్టె మీద 'కాలి' అని ఉంది. తమిళంలో ఖాళీని అలాగే అంటారు, అందుకే దాన్ని ఆడించలేదు.

"అది కాలి టేపు తంబీ, మోసుకెళ్లి ఏం చేస్తావు?" అన్నాడు స్టూడియో ఆయన తమిళంలో. "దాని బదులు దారిలో సాత్తూరులో దిగి కారసేవు కొనుక్కో." టేపును చెత్త సంచిలో వేశాడు.

నేను అమ్మకు ఫోన్ చేశాను. "గాలి పాట లేదమ్మా. ఒక టేపు మిగిలింది గాని, దాని మీద కాలి అని రాసుంది."

"ఏమని?"

"కాలి."

"రాసింది ఎవురు?"

"మామే."

"వాడు అరవం యాడ రాసినాడురా! మన మాటనే అరవ అచ్చరాల్లో రాసిండాడు. అది గాలిరా, గాలి! ఇంజినీరు సదువు సదివితివి, గాలిని కాలి సేస్తివే!"

తమిళంలో క, గ రెంటికీ ఒకటే అక్షరం. మా ఇళ్లలో తెలుగు మాట్లాడతారు, రాయాల్సి వస్తే తమిళ లిపిలో రాస్తారు. మిగతా పెట్టెలన్నీ నేను తెలుగుగానే చదివాను. ఈ ఒక్కదాన్ని తమిళంగా చదివాను.

సంచిలోంచి తీసి, తుడిచి, ఆడించాను. చాలాసేపు బుస్సుమనే శబ్దం తప్ప ఏమీ లేదు. "చెప్పానా," అన్నాడాయన. అప్పుడు మామ గొంతు సవరించుకున్నాడు. గిటారు లేకుండానే, అవ్వ పిలిచినట్టు గాలిని పిలిచాడు.

లైన్లోనే ఉన్న అమ్మకు వినపడేలా ఫోన్ స్పీకరు దగ్గర పెట్టాను. నేను శబ్దం ఎంతుందో చూపే లెవెల్ మీటరు చూస్తూ కూచున్నాను. ముల్లు ఎక్కడా ఎరుపులోకి పోలేదు. పాట అయ్యాక అమ్మ ముక్కు చీదింది.

"సరి. ఇంక ఇడు బయటికి."

ఇంటికొచ్చాక పాటల పేర్లు ఒక్కొక్కటీ తెలుగులో టైపు చేశాను. తెలుగు రాత నాకు ఉద్యోగంలో చేరాక వచ్చింది, అమ్మకు రాదు. పక్కన కూచుని స్క్రీన్ చూస్తోంది.

"గాలి పాట ఏదిరా ఇందులో?"

చూపించాను.

"కింద అరవంలో కూడా రాయి."

"అరవవాళ్లు ఖాళీ అని చదువుకుంటారమ్మా."

"నేను సదివేదానికిదా రాయమన్నది. ఊరోళ్లు ఎట్ల సదివితే ఏమి?"

రాశాను. పెట్టె మీద మామ రాసిన అక్షరాలే. తర్వాత విడుదల బటన్ నొక్కాను.